విషయం మరిచినా బాధ ఎందుకు మిగులుతుంది? మెదడులో ఉద్వేగం, జ్ఞాపకం

మీరు అడిగినదానిలో మూడు ప్రశ్నలున్నాయి. "అమిగ్డాలా ఉద్వేగానికి, హిప్పోక్యాంపస్ జ్ఞాపకానికి అని పుస్తకంలో ఉంది, పరీక్షలో అంతే రాస్తే చాలా?" అన్నది మొదటిది. "ఉద్వేగం కలిగించే విషయాలు బాగా గుర్తుంటాయంటారు కదా, మరి పరీక్ష హాల్లో టెన్షన్ పడితే చదివింది ఎందుకు మర్చిపోతాం?" అన్నది రెండోది. మూడోదాన్ని చివర్లో, అడగాలా వద్దా అన్నట్టు రాశారు. మీ నాయనమ్మకు మతిమరుపు వచ్చింది. పది నిమిషాల కిందట ఇంటికి ఎవరొచ్చారో చెప్పలేరు. కానీ ఎవరైనా కాస్త విసుక్కుంటే చాలాసేపు ముభావంగా కూర్చుంటారు, ఏమైందని అడిగితే "ఏమో, తెలీదు" అంటారు. ఇదెలా సాధ్యమని మీ సందేహం.

నేను ఇరవై రెండేళ్లుగా డిగ్రీ, పీజీ విద్యార్థులకు ఫిజియలాజికల్ సైకాలజీ చెబుతున్నాను. నన్నడిగితే మీ మూడో ప్రశ్నే అసలు ప్రశ్న. దాని దాకా వెళ్లే దారిలో మొదటి రెండింటికీ జవాబులు దొరుకుతాయి. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఇవి ఎక్కడుంటాయో చూద్దాం. రెండు కణతల లోపల, మెదడు లోపలి అంచున, ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఈ రెండు భాగాలుంటాయి. ముందున్నది అమిగ్డాలా. గ్రీకులో ఆ మాటకు బాదం అని అర్థం, ఆకారమూ దాదాపు అలాగే ఉంటుంది. దాని వెనక వంపు తిరిగి పొడుగ్గా ఉండేది హిప్పోక్యాంపస్. 1587లో ఇటలీకి చెందిన అరాంజీ అనే శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు దాన్ని చూసి సముద్రపు గుర్రంలా ఉందని ఆ పేరు పెట్టాడు. కుడివైపు ఒక జత, ఎడమవైపు ఒక జత ఉంటాయి. పుస్తకంలో మెదడును నిలువుగా కోసిన బొమ్మ ఇస్తారు కాబట్టి చాలామంది ఒక్కొక్కటే ఉంటాయనుకుంటారు. రెండువైపులా ఉంటాయన్నది గుర్తుంచుకోండి. కింద చెప్పబోయే రోగుల్లో ఎక్కువమందికి రెండువైపులా దెబ్బతింది, అందుకే వాళ్లు మనకు అంత నేర్పగలిగారు. ఒకవైపే పోతే రెండోవైపు చాలావరకు నెట్టుకొస్తుంది.

మీ పుస్తకంలో లింబిక్ వ్యవస్థ అని, ఉద్వేగాలకు సంబంధించిన మెదడు భాగాలను కలిపి చూపే ఒక బొమ్మ కూడా ఉంటుంది. దాని చరిత్రలో ఒక చిత్రమైన సంగతి ఉంది. 1937లో జేమ్స్ పేపెజ్ అనే శాస్త్రజ్ఞుడు ఉద్వేగాలు మెదడులో ఏ దారిన నడుస్తాయో ఊహించి ఒక వలయం గీశాడు. హిప్పోక్యాంపస్ నుంచి మామిల్లరీ బాడీలకు, అక్కడి నుంచి థాలమస్ (ఇంద్రియాల సమాచారాన్ని పైకి చేరవేసే కేంద్రం) ముందు భాగానికి, ఆపైన సింగ్యులేట్ కార్టెక్స్‌కు (కార్టెక్స్ అంటే మెదడు పై పొర), మళ్లీ హిప్పోక్యాంపస్‌కు. అందులో అమిగ్డాలా లేనే లేదు! ఉద్వేగాల కోసం గీసిన ఆ దారిలో ఎక్కువ భాగం జ్ఞాపకాల పనికి చెందిందని తర్వాత తేలింది. 1952లో పాల్ మక్లీన్ అమిగ్డాలాను కూడా కలిపి 'లింబిక్ వ్యవస్థ' అన్న పేరును ప్రచారంలోకి తెచ్చాడు. బొమ్మ గీసినవాళ్లే ఇంత తడబడ్డారంటే, ఆ బొమ్మను బట్టీ పట్టి మనం ఎంతదూరం వెళ్లగలం? ఏ భాగం ఏం చేస్తుందో మనకు రోగులే చెప్పారు.

వాళ్లలో మొదటివాడు హెన్రీ మొలైసన్. బతికున్నంత కాలం పుస్తకాల్లో హెచ్.ఎం. అనే రాశారు, 2008లో 82 ఏళ్ల వయసులో చనిపోయాకే పూర్తి పేరు బయటపెట్టారు. చిన్నప్పటి నుంచి మూర్ఛ, మందులకు లొంగలేదు. 1953లో, అతనికి 27 ఏళ్లప్పుడు, విలియం స్కోవిల్ అనే సర్జన్ రెండు కణతల లోపలి భాగాన్నీ, హిప్పోక్యాంపస్‌లో చాలాభాగంతో సహా, తీసేశాడు. మూర్ఛ చాలా తగ్గింది. కానీ ఆ రోజు నుంచి అతనికి కొత్తగా ఏ సంఘటనా గుర్తుండలేదు. ఇప్పుడే మాట్లాడిన మనిషి గదిలోంచి బయటికి వెళ్లి తిరిగొస్తే కొత్తవాళ్లను పలకరించినట్టు పలకరించేవాడు. తెలివి మాత్రం తగ్గలేదు. ఆపరేషన్ తర్వాత రెండేళ్లకు కొలిస్తే ఐక్యూ 112 వచ్చింది. చిన్నప్పటి సంగతులు చెప్పేవాడు, నాలుగైదు అంకెలు చెబితే వెంటనే తిరిగి అప్పజెప్పేవాడు.

బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అతనితో చేయించిన అద్దం ప్రయోగం మీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. చెయ్యి నేరుగా కనబడకుండా, అద్దంలో మాత్రమే చూస్తూ, నక్షత్రం గీతల మధ్య పెన్సిల్‌తో గీయాలి. మొదటిసారి ఎవరికైనా గీత అడ్డదిడ్డంగా పోతుంది. హెచ్.ఎం. మూడు రోజుల్లో చక్కగా నేర్చుకున్నాడు. కానీ ప్రతిసారీ తాను ఆ పని ఇంతకుముందెప్పుడూ చేయలేదనే అన్నాడు. చెయ్యి నేర్చుకుంది, నేర్చుకున్న సంగతి మాత్రం మనిషికి తెలియదు. జ్ఞాపకం అంటే ఒకటి కాదు, కొన్ని రకాలున్నాయి, వాటికి మెదడులో వేరువేరు చోట్లున్నాయి అని ఇక్కడే మొదటిసారి గట్టిగా రుజువైంది. హిప్పోక్యాంపస్, దాని చుట్టుపక్కల భాగాలు చేసేది ఒక రకం పని: ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగిందో మాటల్లో చెప్పగలిగేలా కొత్తగా పట్టి ఉంచడం.

అయితే హెచ్.ఎం.కు అమిగ్డాలా కూడా చాలావరకు తీసేశారు. ఈ విషయం చాలా నోట్సుల్లో ఉండదు. ఉద్వేగం, జ్ఞాపకం రెండూ విడివిడి వ్యవస్థలా అని తేల్చడానికి అతని కేసు ఒక్కటే సరిపోకపోవడానికి కారణం అదే.

దానికి ఇంకాస్త వెనక్కి వెళ్లాలి. 1911లో జెనీవాలో ఎడువర్డ్ క్లపరేడ్ అనే డాక్టరు తన దగ్గరున్న ఒకామె గురించి రాశాడు. కోర్సకాఫ్ జబ్బు వల్ల ఆమెకు ఏదీ గుర్తుండేది కాదు. డాక్టరునూ రోజూ కొత్త మనిషిలాగే చూసేది. ఒకరోజు ఆయన వేళ్ల మధ్య గుండుసూది దాచి ఆమెకు చెయ్యి కలిపాడు. గుచ్చుకుంది. కాసేపటికి ఆమె అదీ మర్చిపోయింది. తర్వాత ఆయన మళ్లీ చెయ్యి చాపితే మాత్రం చటుక్కున వెనక్కి లాక్కుంది. ఎందుకని గుచ్చి గుచ్చి అడిగితే, కొందరు చేతిలో సూదులు దాస్తారు కదా అన్న అర్థం వచ్చేలా ఏదో చెప్పింది. ఈ డాక్టరే గుచ్చాడన్నది మాత్రం ఆమెకు తెలియదు. ఇవాళ ఇలాంటి పరీక్ష ఎవరూ చేయనివ్వరు, చేయనివ్వకూడదు కూడా. కానీ ఆ ఒక్క సంఘటనలో మీ నాయనమ్మ ప్రశ్న మొత్తం ఉంది.

దీన్ని పద్ధతి ప్రకారం తేల్చినది 1995లో ఆంటోయిన్ బెషారా, ఆయన సహచరులు అయోవాలో చేసిన పరిశోధన. పీజీ విద్యార్థులు దీన్ని తప్పక తెలుసుకోవాలి. ముగ్గురు రోగులను తీసుకున్నారు. ఒకరికి అమిగ్డాలా మాత్రమే రెండువైపులా పోయింది. ఇంకొకరికి హిప్పోక్యాంపస్ మాత్రమే పోయింది. మూడోవారికి రెండూ పోయాయి. తెరమీద రంగు స్లైడ్లు చూపిస్తూ, ఒక రంగు వచ్చినప్పుడు మాత్రం చెవులు చిల్లులు పడేలా పడవ హారన్ మోగించారు. కొన్నిసార్లు అయ్యాక మామూలు మనిషికి ఆ రంగు చూడగానే అరచేతుల్లో చెమట పెరుగుతుంది, యంత్రం దాన్ని కొలుస్తుంది. పావ్లోవ్ కుక్కలతో చేసిన శాస్త్రీయ నిబంధనం (క్లాసికల్ కండిషనింగ్) లాంటిదే ఇది.

అమిగ్డాలా పోయినవారు "ఫలానా రంగు తర్వాత హారన్ మోగింది" అని చక్కగా చెప్పారు. చేతులు మాత్రం పొడిగా ఉన్నాయి. హిప్పోక్యాంపస్ పోయినవారికి రంగు చూడగానే చెమట పట్టింది, కానీ ఏ రంగుకు హారన్ మోగిందో చెప్పలేకపోయారు. రెండూ పోయినవారిలో చెమటా లేదు, మాటా లేదు. ఒకటి లేకపోయినా రెండోది పనిచేస్తోందని, రెండు వైపుల నుంచీ చూపించారన్నమాట. దీన్ని డబుల్ డిసోసియేషన్ అంటారు. ఒక భాగం పోతే ఒక పని పోయిందని చూపడం కంటే ఇది చాలా బలమైన రుజువు. ఎందుకంటే "ఆ పని కష్టమైనది కాబట్టి పోయిందేమో" అని వాదించే అవకాశం ఇక్కడ ఉండదు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. అమిగ్డాలా అంటే భయం అని రాస్తే చాలా? చాలదు. బెషారా పరీక్షించిన మొదటి రోగి పుస్తకాల్లో ఎస్.ఎం. పేరుతో కనిపించే స్త్రీ. ఉర్బాక్-వీతే అనే అరుదైన జబ్బు ఆమె అమిగ్డాలాలను రెండువైపులా పాడు చేసింది. 1994లో రాల్ఫ్ అడాల్ఫ్స్ బృందం ఆమె ఎదుటివారి ముఖంలో భయాన్ని గుర్తించలేకపోతోందని ప్రకటించింది. తర్వాతి పరీక్షల్లో పాములు, సాలీళ్లు అమ్మే షాపుకు తీసుకెళ్లారు, దయ్యాల కొంప లాంటి చోట తిప్పారు. ఆమె భయపడలేదు సరికదా, పాములను పట్టుకుని చూడాలని ఉత్సాహపడింది. అంతవరకే చదివితే అమిగ్డాలా భయానికి కేంద్రమనే అనిపిస్తుంది.

కానీ కథ అక్కడితో ఆగలేదు. 2005లో అదే బృందం ఆమె చూపు ఎటు పోతోందో కొలిచింది. ఎదుటివారి కళ్లవైపు ఆమె చూడటమే లేదు! భయం ఎక్కువగా తెలిసేది కళ్లలోనే కదా. "కళ్లు చూడు" అని చెబితే భయాన్ని సరిగ్గానే గుర్తించింది. చెప్పడం మానేస్తే మళ్లీ మామూలే. అంటే అమిగ్డాలా చేసే ముఖ్యమైన పనుల్లో ఒకటి, ముందున్నవాటిలో ఏది పట్టించుకోవాలో చెప్పి చూపును అటు తిప్పడం. ఆ తర్వాత 2013లో ఇంకా పెద్ద ఆశ్చర్యం. 35 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలిని ఒక్కసారి పీల్పిస్తే, ఎస్.ఎం.తో పాటు అమిగ్డాలా లేని మరో ఇద్దరు కూడా ఊపిరాడక హడలిపోయారు. అమిగ్డాలా ఉన్న ఆరోగ్యవంతుల్లో చాలామంది అంతగా బెదరలేదు. బయటి ప్రమాదాన్ని పసిగట్టడానికి అమిగ్డాలా కావాలి. ఒంట్లోంచి వచ్చే ప్రమాద సంకేతానికి మెదడులో వేరే దారులున్నాయి. భయం అనే అనుభవం అమిగ్డాలా లేకుండానే కలుగుతుంది.

చీకట్లో తాడును చూసి పామనుకోవడం మనకు తెలిసిన ఉదాహరణే. ముందు ఒళ్లు జలదరిస్తుంది, కాలు వెనక్కి పడుతుంది, ఆ తర్వాతే "ఓ, తాడా" అనుకుంటాం. జోసెఫ్ లెడూ ఎలుకల మీద చేసిన పనితో దీనికి రెండు దారుల వివరణ ఇచ్చాడు: థాలమస్ నుంచి నేరుగా అమిగ్డాలాకు వెళ్లే పొట్టి దారి, కార్టెక్స్ మీదుగా తిరిగి వచ్చే పొడుగు దారి. పొట్టి దారి తొందరగా చేరుతుంది కానీ వివరం తక్కువ. మనుషుల్లో, ముఖ్యంగా చూపు విషయంలో, ఆ పొట్టి దారికి ఎంత పాత్ర ఉందన్న దానిపై ఇంకా వాదన ఉంది. దాన్ని తేలిపోయిన విషయంగా రాయకండి. లెడూ కూడా 2014 నాటికి, అమిగ్డాలా నడిపేది ప్రమాదం నుంచి కాపాడే ప్రతిస్పందనలను మాత్రమే, భయపడుతున్నానన్న తెలివిడికి కార్టెక్స్ కావాలి అని గట్టిగా వాదించాడు.

సరే, రెండూ విడివిడి వ్యవస్థలైతే ఉద్వేగం కలిగిన విషయం ఎందుకు ఎక్కువ గుర్తుంటుంది? రెండూ విడిగా పనిచేయగలవు, కానీ మామూలుగా కలిసే పనిచేస్తాయి. ఈ కలయికను విడమరచినవాడు జేమ్స్ మెక్‌గా అనే శాస్త్రజ్ఞుడు. ఆయన పని మొత్తాన్ని నేను క్లాసులో స్లాబు ఉదాహరణతో చెబుతాను. కాంక్రీటు పోయగానే స్లాబు తయారైపోదు. కొన్నాళ్లపాటు నీళ్లు కట్టి క్యూరింగ్ చేయాలి, అప్పుడే గట్టిపడుతుంది. జ్ఞాపకం కూడా అంతే. అనుభవం జరిగిన క్షణంలో హిప్పోక్యాంపస్ కాంక్రీటు పోస్తుంది. అది గంటలు, రోజులపాటు మెల్లగా స్థిరపడుతుంది. ఈ స్థిరపడే కాలంలో అమిగ్డాలా చేసేది క్యూరింగ్.

దాని యంత్రాంగం ఇలా ఉంటుంది. ఉద్వేగం కలిగినప్పుడు అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ వస్తుంది. అది రక్తంలోంచి మెదడులోకి సులభంగా దూరలేదు. అందుకని వేగస్ నాడిని తట్టి లేపుతుంది. ఆ నాడి మెదడు కాండంలోకి సంకేతం పంపుతుంది, అక్కడున్న లోకస్ సెరూలియస్ అనే చిన్న ముద్ద అమిగ్డాలాలో నార్‌అడ్రినలిన్ విడుదల చేస్తుంది. కార్టిసాల్ అనే మరో ఒత్తిడి హార్మోను అయితే నేరుగా మెదడులోకి వచ్చేస్తుంది. ఈ రెండూ అమిగ్డాలాలోని బేసోలేటరల్ భాగంలో కలుస్తాయి. అది హిప్పోక్యాంపస్‌కూ కార్టెక్స్‌కూ "ఇది ముఖ్యం, గట్టిగా పట్టుకో" అని ఒత్తిడి చేస్తుంది. ఎలుకల్లో పాఠం నేర్పిన తర్వాత అడ్రినలిన్ ఇచ్చినా జ్ఞాపకం పెరిగింది. నేర్చుకోవడం ముగిశాక ఇచ్చారు కాబట్టి శ్రద్ధ పెరిగిందనో చూపు పెరిగిందనో అనడానికి లేదు, స్థిరపడటమే మెరుగుపడింది. బేసోలేటరల్ భాగాన్ని పాడు చేస్తే ఆ లాభం కనిపించలేదు.

మనుషుల్లో దీన్ని 1994లో లారీ కేహిల్, మెక్‌గా బృందం చూపించింది. ఒక తల్లీ కొడుకూ రోడ్డు మీద వెళ్తుంటారు, పిల్లవాడిని కారు గుద్దుతుంది, ఆస్పత్రిలో డాక్టర్లు కాపాడతారు. స్లైడ్లతో ఈ కథ చెప్పారు. మరికొందరికి అవే స్లైడ్లతో ఏ ప్రమాదమూ లేని చప్పటి కథ చెప్పారు. చూడటానికి గంట ముందు సగంమందికి 40 మిల్లీగ్రాముల ప్రొప్రనలాల్ ఇచ్చారు. అది అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ పనిని అడ్డుకునే మందు. వారం తర్వాత అడిగితే, మందు వేసుకోనివారికి ప్రమాదం భాగం బాగా గుర్తుంది. మందు వేసుకున్నవారికి ఆ అదనపు లాభం రాలేదు, చప్పటి భాగం మాత్రం ఇద్దరికీ ఒకేలా గుర్తుంది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. మందు వేసుకున్నవారికీ కథ వింటున్నప్పుడు బాధ కలిగింది. బాధ కలగడం వేరు, ఆ బాధ జ్ఞాపకాన్ని గట్టిపరచడం వేరు.

గట్టిగా గుర్తుంది కాబట్టి సరిగ్గా గుర్తుందనుకోకూడదు. సెంట్రింగ్ వంకరగా ఉంటే స్లాబు వంకరగానే గట్టిపడుతుంది. 1986 జనవరి 28న అమెరికాలో చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయిన మర్నాడు, ఆ వార్త ఎక్కడ ఎలా విన్నారో ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ తమ విద్యార్థులతో రాయించారు. రెండున్నరేళ్ల తర్వాత 44 మందిని మళ్లీ అడిగారు. 11 మంది చెప్పిన ముఖ్య వివరాల్లో ఒక్కటి కూడా అప్పటి కాగితంతో కలవలేదు. నమ్మకం మాత్రం చాలామందిలో గట్టిగా ఉంది. సొంత చేతిరాత చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. నాకూ ఇలాంటిదొకటుంది. మా నాన్నగారు పోయారని ఫోన్ వచ్చిన రాత్రి జోరున వాన పడుతోందని ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. ఆ రాత్రి వానే లేదని మా చెల్లెలు, మా ఆవిడ ఇద్దరూ అంటారు. వాళ్లిద్దరూ కలిసి పొరపాటు పడ్డారనుకోవడం కంటే నా జ్ఞాపకమే తప్పనుకోవడం సబబు. అయినా ఆ వాన చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు పరీక్ష హాల్ ప్రశ్న. ఉద్వేగం జ్ఞాపకాన్ని పెంచుతుందా, చెరుపుతుందా అని అడిగితే జవాబు రాదు. ఎప్పుడు వచ్చిన ఉద్వేగం అని అడగాలి. నేర్చుకుంటున్నప్పుడు, నేర్చుకున్న వెంటనే వచ్చే మోస్తరు ఉద్వేగం స్థిరపడటానికి సాయం చేస్తుంది. గుర్తుచేసుకునేటప్పుడు వచ్చే ఒత్తిడి అడ్డుపడుతుంది. రెండూ ఒకే హార్మోన్ల పనే. 1998లో డొమినిక్ డి క్వెర్వన్, మెక్‌గా తదితరులు ఎలుకలకు నీళ్ల తొట్టిలో దారి నేర్పి, మర్నాడు పరీక్షకు ముందు చిన్న షాక్ ఇచ్చారు. రెండు నిమిషాల ముందు ఇస్తే ఏమీ కాలేదు. నాలుగు గంటల ముందు ఇచ్చినా ఏమీ కాలేదు. అరగంట ముందు ఇస్తే దారి మర్చిపోయాయి. ఒత్తిడి హార్మోను పైకి చేరేది సరిగ్గా ఆ సమయానికే. 2000లో మనుషులకు పరీక్షకు గంట ముందు, ఒంట్లో కార్టిసాల్‌గా మారే కార్టిసోన్ మాత్ర ఇచ్చి చూస్తే, ముందురోజు నేర్చుకున్న మాటలు తక్కువగా గుర్తొచ్చాయి. అదే మాత్రను నేర్చుకునే ముందో, నేర్చుకున్న వెంటనేనో ఇస్తే నష్టం కనిపించలేదు.

దీనికి తోడు నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఒకటుంది. వెతికి పట్టుకునే పని, ప్రశ్నను తలలో నిలబెట్టుకునే పని దానివి. ఒత్తిడిలో నార్‌అడ్రినలిన్ మరీ ఎక్కువైతే అది పట్టు తప్పుతుంది. బయటికి రాగానే జవాబు తన్నుకుంటూ గుర్తొస్తుందని మీరంతా చెబుతారు కదా. చదివింది పోలేదు, ఆ గంటలో చేతికి అందలేదంతే. అందుకే నా విద్యార్థులకు హాలు బయట అరగంట ముందు ఒకరినొకరు "అది చదివావా, ఇది వస్తుందట" అని భయపెట్టుకోవద్దంటాను. ముందురాత్రి నిద్ర మానొద్దని కూడా అంటాను, ఎందుకంటే స్థిరపడే పనిలో చాలా భాగం నిద్రలోనే జరుగుతుంది.

ఇదంతా గంటల లెక్కలోని ఒత్తిడి. రోజుల తరబడి సాగే ఒత్తిడి గురించి మన దేశంలోనే, బెంగళూరులో, చాలా మంచి పని జరిగింది. మన పాఠ్యపుస్తకాల్లో అది కనిపించకపోవడం నాకు బాధ. అక్కడి నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ (ఎన్‌సీబీఎస్) అనే పరిశోధన సంస్థలో సుమంత్ర చట్టర్జీ బృందం 2002లో ప్రచురించిన పరిశోధనలో ఎలుకలను రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు కదలకుండా ఉంచారు. హిప్పోక్యాంపస్‌లోని నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. బేసోలేటరల్ అమిగ్డాలాలో మాత్రం కొమ్మలు పెరిగాయి. అదే ఒత్తిడి, పక్కపక్కనే ఉన్న రెండు భాగాల్లో ఎదురెదురు మార్పులు! ఆ తర్వాత 21 రోజులు ప్రశాంతంగా వదిలేస్తే హిప్పోక్యాంపస్ కోలుకుంది, అమిగ్డాలాలో పెరిగిన కొమ్మలు తగ్గలేదు, ఎలుకల ఆందోళనా తగ్గలేదు. ఎలుకల ఫలితాన్ని మనుషులకు నేరుగా అంటగట్టకూడదు. కానీ కష్టకాలం గడిచిపోయాక కూడా మనిషి చిన్న చప్పుడుకు ఉలిక్కిపడటం చూసినప్పుడల్లా నాకు ఈ పరిశోధనే గుర్తొస్తుంది.

పరీక్షలో పది మార్కుల ప్రశ్న వస్తే ఏం రాయాలో కూడా చెబుతాను. భాగాల పేర్లు రెండు వాక్యాల్లో ముగించండి. హెచ్.ఎం., ఎస్.ఎం. గురించి చెరో పేరా రాయండి. బెషారా ముగ్గురు రోగులను పట్టిక వేసి చూపండి. మిగిలిన చోటంతా మెక్‌గాకు, ఒత్తిడి ఏ సమయంలో వచ్చిందన్న విషయానికి ఇవ్వండి. "అమిగ్డాలా భయ కేంద్రం" అన్న మాట రాయాల్సి వస్తే, కార్బన్ డయాక్సైడ్ ప్రయోగం కూడా వెంటనే రాయండి. దిద్దే మనిషికి మీరు నిజంగా చదివారని అక్కడే తెలుస్తుంది.

ఇక మీ నాయనమ్మగారు. పెద్దవాళ్ల మతిమరుపులో ఎక్కువగా కనిపించే ఆల్జీమర్స్ జబ్బు మొదట దెబ్బతీసేది హిప్పోక్యాంపస్‌ను, దానికి ద్వారంలాంటి ఎంటోరైనల్ కార్టెక్స్‌ను. అందుకే పాత సంగతులు చెబుతూ కూడా పొద్దున ఏం తిన్నారో చెప్పలేరు. అమిగ్డాలా కూడా జబ్బు బారిన పడుతుంది, కానీ ఉద్వేగం కలగడమన్నది మెదడులో చాలా చోట్ల కలిసి చేసే పని. అది అంత తొందరగా పోదు.

2010లో జస్టిన్ ఫైన్‌స్టీన్ బృందం హిప్పోక్యాంపస్ దెబ్బతిన్న ఐదుగురికి ఏడిపించే సినిమా ముక్కలు, ఇంకో రోజు నవ్వించేవి చూపించింది. కాసేపటికి ఏం చూశారో చెప్పమంటే దాదాపు ఏమీ చెప్పలేకపోయారు. కానీ ఆ దిగులు, ఆ సంతోషం మిగిలే ఉన్నాయి. 2014లో అదే పద్ధతిని ఆల్జీమర్స్ ఉన్న 17 మందితో చేశారు. అరగంట దాకా ఆ భావాలు నిలిచాయి. ఎవరికి సినిమా తక్కువ గుర్తుందో వాళ్లలో దిగులు ఎక్కువసేపు ఉంది. ఈ చివరి వాక్యం దగ్గర నేను ప్రతి ఏడాదీ క్లాసులో ఆగిపోతాను. మనకు బాధ కలిగితే కారణం తెలుసు కాబట్టి సర్దిచెప్పుకుంటాం, "పోనీలే, ఆమెకు పని ఎక్కువైంది, అందుకే విసుక్కుంది" అనుకుంటాం. కారణమే గుర్తులేని మనిషి దేనికని సర్దిచెప్పుకోవాలి? మీ నాయనమ్మ "ఏమో, తెలీదు" అనడం దాచడం కాదు. ఆమెకు నిజంగానే తెలియదు, బాధ మాత్రం నిజంగానే ఉంది.

మా అమ్మమ్మ చివరి మూడేళ్లూ ఇలాగే గడిపింది. నేను వెళ్లి గంటసేపు కూర్చుని వస్తే, నేను వచ్చిన సంగతి నా వెనకే మర్చిపోయేది. "ఎలాగూ గుర్తుండదు కదా, ఎందుకంత దూరం వెళ్తావు" అని బంధువులు అనేవారు. కానీ నేను వెళ్లిన రోజు సాయంత్రం ఆమె అన్నం సరిగ్గా తినేదని, రాత్రి గొడవ చేయకుండా పడుకునేదని మా పిన్ని చెప్పేది. అప్పటికి ఈ ప్రయోగాలు జరగలేదు. ఆ తర్వాత చదివినప్పుడు పిన్ని చెప్పిన ప్రతి మాటా గుర్తొచ్చింది.

ఒకసారి మీ నాయనమ్మను న్యూరాలజిస్టుకు చూపించండి. బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్ వల్ల వచ్చే మతిమరుపు కూడా ఉంటుంది, వాటికి మందులున్నాయి. ముభావంగా ఉన్నప్పుడు "ఎందుకలా ఉన్నావు, ఏమైంది" అని తరచి అడగొద్దు, ఆ ప్రశ్నకు జవాబు వెతకాల్సింది దెబ్బతిన్న భాగమే. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోండి, ఆమెకు ఇష్టమైన పాత పాట పెట్టండి, చిన్నప్పటి ఊరి సంగతి ఎత్తండి. ఐదు నిమిషాల్లో అదీ మర్చిపోతారు. ఆ ఐదు నిమిషాల్లో వచ్చిన కుదురు మాత్రం ఇంకాసేపు ఆమెతోనే ఉంటుంది. విసుక్కున్నవాళ్లకు కూడా, తప్పుపట్టకుండా, ఈ 17 మంది గురించి చెప్పండి.